సముద్రం వైపు గోడ

మే 18

రంగు ఆరింది. ఎక్కడానికి కట్టిన పరంజా కర్రలు విప్పేశారు.

పాత లైట్‌హౌస్ ఇప్పుడు నా బొమ్మ. కింద నీలం కెరటాలు, పైకి పోనుపోను ఆకుపచ్చ, మధ్యలో చందువా చేపలు. బి.ఎఫ్.ఏ. అయ్యాక రెండేళ్లు ఇంట్లో కూర్చుంటే దొరికిన మొదటి పని. దీపం ఏనాడో కొత్త టవర్ మీదికి పోయింది. ఇది ఊరికే నిలబడ్డ తెల్ల బురుజు, అందంగా చెయ్యమన్నారు, చేశాను. టూరిజం ప్రాజెక్టు చూసే మురళీమోహన్ గారు రోడ్డు మీద నిలబడి తల పైకెత్తి, అమ్మా ఝాన్సీ, విశాఖ దాకా ఇంకా ఉన్నాయి, అన్నీ నీకే అన్నారు.

ఈ ఊరు వదిలి వెళ్లిపోతాను. ఈసారి నిజంగా.

మే 29

వేట నిషేధం కదా, పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకున్నాయి. అసిరయ్య మావ వల బాగుచేసుకుంటున్నాడు. మావ అంటే వరస ఏమీ లేదు, పేటలో అందరికీ మావే. బురుజు ఎలా ఉందని అడిగితే, పెళ్లికూతుర్నాగ ఉన్నాది గుంటా అన్నాడు. పెళ్లికొడుకెవుడో మరి అని గున్నమ్మత్త. ఆయన పెళ్లాం. ఆవిడ నోటికి సెలవుల్లేవు.

జూన్ 2

ఏమీ జరగలేదు. ఆమదాలవలస వెళ్లి ప్లాట్‌ఫాం మీద కూర్చుని వచ్చాను.

జూన్ 16, మధ్యాహ్నం

పేటలో లక్ష్ముడి పడవ తిరగబడింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, వేటనుంచి తిరిగొస్తూ. నిషేధం ఎత్తేశాక రెండో రోజు. చెయ్యి విరిగింది, వల పోయింది. ప్రాణం మిగిలింది.

అసిరయ్య మావ మా అరుగు మీద కూర్చుని నాన్నతో చెప్పాడు. నాతో కాదు. బురుజు కనపడ్నేదు బాబూ అన్నాడు. తెల్లగా ఉన్నప్పుడు సరుగుడు తోట ముందు నోట్లో పన్నులాగ కనపడేదట. దాన్ని కుడి భుజానికి పెట్టుకుని లోపలికొస్తే మొగ. ఎడమకి జరిగితే ఇసకదిబ్బ, కెరటం దాని మీదే విరుగుతుంది. ఇప్పుడు తోటలో తోటైపోనాది, ఎటు తిప్పీది అన్నాడు.

నేను రంగు వేసినన్నాళ్లూ పడవలు ఒడ్డునే ఉన్నాయి. సముద్రంలోంచి చూసి చెప్పే మనిషే లేడు. లైట్‌హౌస్‌కి పగలు పనేముంటుందని నేననుకున్నాను. ప్రాజెక్టు ఇంజనీర్లూ అదే అనుకున్నారు.

జూన్ 17

మురళీమోహన్ గారికి ఫోన్ చేశాను. మళ్లీ తెల్లరంగు వేసేద్దాం సార్ అన్నాను. జీపీఎస్ ఉంది కదమ్మా అన్నారు. ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకుంటారు సార్, కెరటాల్లో దాన్ని విప్పి ఎవరు చూస్తారు అన్నాను. నెలాఖరుకి ఓపెనింగ్, అప్పటిదాకా ముట్టుకోవద్దన్నారు. పడవలు నెలాఖరు దాకా ఆగవు.

పెట్టేసే ముందు అడిగారు, అసలు నువ్వు సముద్రంలోంచి చూశావా అని. చూడలేదు.

జూన్ 18

నన్ను సముద్రంలోకి తీసుకెళ్లమన్నాను. పేట మగాళ్లు నవ్వలేదు. అది ఇంకా చెడ్డది. ఆడది పడవెక్కకూడదు. ఆడవాళ్లు పడవకి పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, అది నీళ్లలోకి దిగకముందు దండం పెడతారు. ఎక్కరు. గున్నమ్మత్త పెళ్లయిన దగ్గర్నుంచి ఆ పడవ చేపలే అమ్ముతోంది. ఒక్కసారి కాలు పెట్టలేదు.

ఆవిడే అంది. బొమ్మేసింది ఈ గుంట, సూడకపోతే ఎలాగ తెలుస్తాది అని. మావ తల అడ్డంగా ఊపాడు. అయితే నేనూ ఎక్కుతాను, ఏటైతే ఇద్దరికీ అవుద్ది అంది. మావ లేచి వెళ్లి వల తీశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. ఎల్లుండి అన్నాడు.

జూన్ 20, ఉదయం పది

వెళ్లాం. వాంతి చేసుకున్నాను, రెండుసార్లు. గున్నమ్మత్త చేసుకోలేదు, చీర కుచ్చిళ్లు దోపుకుని ముందువైపు కూర్చుంది.

వెనక్కి తిరిగాను. ఒక ఆకుపచ్చ గీత. దాని కింద తెల్ల నురుగు. నా కెరటాలు లేవు, చేపలు లేవు, ఊరు లేదు. ఎక్కడ ఉండాలో తెలిసీ వెతికాను. దొరకలేదు. ఫోటో తీస్తే ఆకుపచ్చ గీత ఫోటో వచ్చింది.

గున్నమ్మత్త కళ్లకి చెయ్యి అడ్డం పెట్టి, మనిల్లేదీ అని మొగుణ్ని అడిగింది. మావ చూపించలేకపోయాడు.

లోపలికొచ్చేటప్పుడు దిబ్బ మీద విరిగే కెరటాన్ని పక్కనుంచి చూశాను. లక్ష్ముడు దీనికింద పడ్డాడు. మావ చుక్కాని వదల్లేదు, కెరటం మీద నుంచి చూపు తిప్పలేదు.

జూన్ 20, సాయంత్రం

మురళీమోహన్ గారికి ఫోటో పంపాను. మంచు పట్టి ఉంటుందమ్మా అని మెసేజ్. జూన్‌లో మంచు.

జూన్ 22, ఆదివారం

ప్రాజెక్టు గోదాంలో తెల్ల ప్రైమర్ డబ్బాలు మిగిలి ఉన్నాయి. తాళం నా దగ్గరే.

పేట కుర్రాళ్లు వలతాళ్లతో పైనుంచి దిగారు. సముద్రం వైపు సగం మాత్రమే. ఎవరూ అడ్డురాలేదు, ఎవరినీ అడగలేదు. కింది వరస చేపల్ని నేనే తెల్లరంగుతో కప్పేశాను. ఒక చందువా కన్ను కుదరడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ఒక్క పూతకి పోయింది.

చిన్నప్పుడు ఎప్పుడో పలక తుడిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. చెయ్యి కోసుకున్నట్టుంది. అయినా ఆపలేదు.

జూన్ 30

ఓపెనింగ్. పెద్దవాళ్లు రోడ్డు వైపు నుంచే చూశారు, రోడ్డు వైపే ఫోటోలు దిగారు. చుట్టూ తిరిగి ఎవరూ వెళ్లలేదు, అటు ఇసక కాలుతుంది.

వెళ్తూ మురళీమోహన్ గారు వచ్చే నెల ఇంకో లైట్‌హౌస్ ఉంది, రెడీనా అన్నారు. అక్కడ పడవలు ఎటునుంచి వస్తాయి సార్ అని అడిగాను. నవ్వారు. జోక్ అనుకున్నట్టున్నారు. రెండోసారి అడిగాను. నవ్వడం ఆపి, చూసి చెప్తానన్నారు.

జూలై 3

పడవలన్నీ తిన్నగా మొగలోకి వచ్చేశాయి. అసిరయ్య మావ పడవలోంచి ఇద్దరు దిగారు. రెండో మనిషి గున్నమ్మత్త. మోకాళ్ల దాకా తడిసి, తట్ట నెత్తిన పెట్టుకుని, ఎవరి మొహం వైపూ చూడకుండా చేపల వేలం దగ్గరికి నడిచింది. మగాళ్లు దారి ఇచ్చారు.