కోటు మీద ఎర్ర సున్నా

మార్చి 12, బుధవారం
ఉదయం ఆరున్నర

చిరంజీవి పిచ్చుకకి,

అక్క ఆశీస్సులతో రాస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. మరిదిగారిని అడిగానని చెప్పు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. నీ పాత నంబరు ఊరందరి దగ్గరా ఉంది. కొత్తది నా దగ్గరున్నా చేయాలంటే భయం. ఫోనులో అయితే మధ్యలో ప్రశ్నలు వేస్తావు. వార్తలు చదివేదానివి, అది నీ అలవాటు. కాగితం మీద అయితే నేను చెప్పాలనుకున్న వరుసలో చెప్పగలను. ఈ కవరు మరిదిగారి చేతికే ఇస్తాను.

ముందు నిన్న మీ వీధిలో, పైకి రాకుండా నిలబడి చూసిన సంగతి. ఇరవై రెండేళ్లుగా పేపర్లో పని చేస్తున్నదాన్ని, చూసింది చూసినట్టే రాస్తాను. మీ ఇంటి ఎదురుగా మందుల షాపు మెట్ల మీద ఇద్దరు మగవాళ్లు పదకొండింటి నుంచి నాలుగింటిదాకా కూర్చున్నారు. ఒకడి దగ్గర కెమెరా ఉంది. రెండోవాడు మీ వాచ్‌మన్‌తో కబుర్లు మొదలుపెట్టి, మేడమ్ ఏయే రోజుల్లో ఆసుపత్రికి వెళ్తారని అడిగాడు. మూడున్నరకు చెత్త బండి వచ్చింది. కెమెరా వాడు లేచి వెళ్లి, మీ అంతస్తు సంచీ విప్పించి, అందులోని ఖాళీ మాత్రల స్ట్రిప్పులకు ఫోటో తీశాడు. బండి మనిషి సంచీకి మళ్లీ ముడి వేశాడు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ సిగ్గుపడలేదు. నాకు భయం వేసింది అందుకే. కిటికీ తెరలు తీయకు. స్ట్రిప్పులు ఇంట్లో పారేయకు, మరిదిగారి సంచీలో బయటికి పంపు.

ఇదంతా నీ ఆకుపచ్చ కోటుతో మొదలైంది. నెలన్నర కిందట తొమ్మిది గంటల వార్తలు చదివి కుర్చీలోంచి లేచావు. ఎవరో ఆ క్షణాన్ని ఫోటోగా ఆపి, నీ కడుపు చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు నెల తప్పిందని ఒకరు. కూర్చుని తింటే అంతేనని ఇంకొకరు. పిల్లల్ని కనే తీరిక లేనివాళ్లు కోట్లు కొనుక్కుంటారని మరొకరు అంటే, దానికి పదకొండు వేల మంది నవ్వారు. అప్పుడు మీ చానలే చర్చ పెట్టింది, పేరున్న ఆడవాళ్ల ఒంటి గురించి మాట్లాడే హక్కు మనకుందా అని. ప్రొఫెసరమ్మ, ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు అంది. లాయరమ్మ, ఊరుకుంటే పుకారే గెలుస్తుంది, ఆమే నోరు విప్పాలి అంది. ఇద్దరూ నీ పక్షమే. వాళ్ల వెనక తెర మీద ఆ నలభై నిమిషాలూ నీ కడుపే ఉంది, ఎర్ర సున్నాతో సహా.

తర్వాత మా పేపర్లో, రాసినవాళ్ల పేరు లేకుండా ఆ వార్త వచ్చింది. అది గర్భం కాదు, కిడ్నీ జబ్బుకి వాడే స్టెరాయిడ్ల వల్ల వచ్చిన వాపు అని దగ్గరివారు చెప్పినట్టుగా. మర్నాటి నుంచి వెటకారం ఆగిపోయి జాలి మొదలైంది. పక్కింటావిడ వచ్చి కళ్లొత్తుకుంది. పాపం, అందుకే పిల్లల్లేరన్నమాట, మేమింకేదో అనుకున్నాం అంది. అమ్మ కూడా, ఏం చేస్తామమ్మా, మా తలరాత అనేసింది. పిల్లలు వద్దని నువ్వు పెళ్లికి ముందే మరిదిగారితో మాట్లాడుకున్నావని అమ్మకి తెలుసు. నీ జబ్బుకి రెండేళ్లే. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరు అమ్మను నిలదీయకుండా లేచి వెళ్లారు. ఆ సుఖాన్ని వదులుకోలేకపోయింది.

ఆ రోజు నువ్వు ఫోనులో అన్న మాట నా డైరీలో రాసుకున్నాను. "జబ్బు కాబట్టి క్షమించారక్కా. నాకిష్టం లేదంటే క్షమించేవాళ్లా?"

 

ఆ జాలి ఏం చేస్తుందో మూడో రోజుకి తెలిసింది. ఆరోగ్యం ముఖ్యం, విశ్రాంతి తీసుకోమ్మా అంటూనే నీ తొమ్మిది గంటల కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారు. నువ్వు జబ్బు దాచిందే ఈ భయంతో. తెలిసినవాళ్లం నలుగురం, డాక్టరు, మరిదిగారు, నేను, మేకప్ అక్క. పదకొండేళ్లుగా నీ ముఖం మేకప్ అక్క చేతిలో ఉంది. వాచిన చెంపలు కనబడకుండా రంగు వేసిందీ ఆవిడే, కోటు పక్క కుట్లు విప్పి వదులు చేసిందీ ఆవిడే. కాబట్టి బయటపెట్టిందీ ఆవిడేనని నువ్వు తేల్చావు. చానల్ వాళ్లు మర్నాడే ఆవిడను రావద్దన్నారు.

ఆదివారం నిన్ను లైవ్‌లో కూర్చోబెడుతున్నారు. నువ్వు రాసుకున్నది మరిదిగారు నాకు చదివి వినిపించారు. అందులో రెండు సంగతులున్నాయి. పిల్లలు లేకపోవడానికి జబ్బు కారణం కాదు, నాకు వద్దు, అన్నది ఒకటి. చెప్పు. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. నీ మీద చూపించిన జాలి అంతా తిట్లై తిరిగొస్తుంది. మెట్ల మీది ఇద్దరు ఇరవై మంది అవుతారు. అయినా ఆ మాట నీది, నువ్వే చెప్పాలి.

రెండోది, నా ముఖానికి రంగు వేసిన చెయ్యే నన్ను అమ్మేసింది, అన్నది. అది మాత్రం అనకు. పేరెత్తకపోయినా ఆవిడెవరో అందరికీ తెలిసిపోతుంది. నీ చెత్త సంచీ విప్పించిన వాళ్లు రేపు ఆవిడ ఇంటికి వెళ్తారు. ఆవిడ గుమ్మానికి వాచ్‌మన్ కూడా లేడు. ఈ పని ఆవిడ చేయలేదు. రుజువు లేనిదే నేను ఒక్క వాక్యం రాయనని నీకు తెలుసు.

మందులు మానకు.

నీ మేలు కోరే
అక్క

తా.క. పైన రాసినది రెండుసార్లు చదువుకున్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు, అసలు నిజమూ లేదు.

నీ జబ్బు వార్త అచ్చవడానికి ముందురోజు, సోమవారం పొద్దున మా ఆఫీసు మీటింగులో మొదటి పేజీకి వేరే వార్త సిద్ధంగా ఉంది. "తల్లి కాబోతోందా?" అని శీర్షిక, కింద ఎర్ర సున్నా ఫోటో. ఆపమన్నాను. మీ చెల్లెలని అడుగుతున్నారా, లేక తప్పని తెలిసి అడుగుతున్నారా అన్నారు ఎడిటర్ గారు. "గర్భం కాదు, కిడ్నీకి స్టెరాయిడ్లు వాడుతోంది" అన్నాను. ఐదు మాటలు. ఆ వార్త ఆగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇది రాయడానికి కాదు అని ముందే అనకపోతే, మీటింగులో అన్న ప్రతి మాటా వార్తే. కొత్తగా చేరినవాళ్లకి ఈ నియమం నేర్పేది నేనే. ఆ పూట నేనే మరిచాను.

అంతవరకే అయితే పొరపాటు అనేదాన్ని. సాయంత్రం అచ్చుకి వెళ్లేముందు ఆ పేజీ నా బల్ల మీదికి వచ్చింది. అందులో "దగ్గరి బంధువు" అని ఉంది. అది కొట్టేసి "దగ్గరివారు" అని దిద్దింది నేను.

నిన్న మీ ఇంటి దగ్గర్నుంచి వస్తుంటే బస్టాపులో మేకప్ అక్క కనబడింది. ఇంకో చోట పని అడగడానికి వెళ్లి వస్తోంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను చెప్పలేదని మీకు తెలుసు కదమ్మా. మీ చెల్లికి మీరైనా చెప్పండి" అంది. చెబుతానన్నాను.

ఆదివారం ఆ రెండో మాట అనాల్సిందే అనిపిస్తే, అమ్మేసింది మా అక్క అని చెప్పు. నేను అమ్మ పక్కనే కూర్చుని చూస్తాను.