మొదటి బోండాం

నాన్నగారూ,

మీరు పోయేక మన సీజర్‌ సరిగా తినడం లేదు. వాడి ఎముకలు తేలిపోయేయి. డాగ్ షో అంటే వాడికి ప్రాణం కదా, అక్కడైనా తేరుకుంటాడేమోనని ఈరోజు అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్ళేను. ఇంకే దారీ తోచలేదు నాకు. నేను పట్టుకుంటే నిలబడడేమోనని, ఉతక్కుండా దాచిన మీ చొక్కా వేసుకున్నాను. అదే కొంప ముంచింది.

రింగులో మిగతా కుక్కలన్నీ బొమ్మల్లా నిలబడ్డాయి. వీడు చొక్కా అంచు వాసన చూడ్డం, జనంలోకి చూడ్డం, మూలగడం. జడ్జిగారు పళ్ళు చూడబోతే మూతి తిప్పేసుకున్నాడు. మమ్మల్ని పక్కకి వెళ్ళమన్నారు.

నెగ్గింది మూర్తిగారి కుక్క. ఓడిన ప్రతిసారీ మీరు మన పెరటి కొబ్బరిబోండాం కొట్టి, మొదట నెగ్గిన కుక్కకే తాగించేవారు. "ఇంత ఎండలో అదీ నిలబడింది కదమ్మా" అనేవారు. నాకైతే మీలాగే వెంట తెచ్చిన బోండాం నేలకేసి కొట్టాలనిపించింది. అయినా కొట్టి, గిన్నెలో పోసి తీసుకెళ్ళేను.

మూర్తిగారు గిన్నె అందుకుని, "నాన్నగారు కారు దగ్గరున్నారామ్మా?" అన్నారు. పాపం, ఆయనకి తెలీదు.

"నాన్నగారు" అన్న మాట వినగానే సీజర్‌ చెవులు లేచేయి. మీరు పోయేక మొదటిసారి తోక ఆడిస్తూ, కారు వైపు నన్ను ఈడ్చుకుపోయేడు.

మూర్తిగారికి ఎలాగో చెప్పేను. వీడికి ఎలా చెప్పను నాన్నగారూ?