ఈసారి పడుకునే వంతు

ప్రియమైన పుల్లా,

ఎలా ఉన్నావే? ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. ఫోన్లో నువ్వు "ఆ", "ఊ", "అవునా" తప్ప నాలుగో మాట మాట్లాడవు. మొత్తం నేనే వాగాలి. ఈ మధ్య అంతసేపు వాగితే అలుపొస్తోంది. కాగితం మీదైతే నువ్వు కూడా మనిషిలా మాట్లాడతావు.

విషయమేమిటంటే, మన ఎకో కాన్ఫరెన్సు వాళ్ళు ఈ ఏడాది కూడా లైవ్ డెమో నన్నే చెయ్యమన్నారు. ఇదే ఆఖరని చెప్పేశాను. స్టేజీ మీద మంచం, పక్కన గుండె స్కాన్ తీసే ఎకో మెషీను, వెనకాల గోడంత తెర, ఆ తెర మీద ఎగిరెగిరి కొట్టుకునే నీ గుండె. నీ ఛాతీ మీద ఆనించడానికి నా చేతిలో ప్రోబ్, నా నోటి ముందు మైకు. నువ్వు లేకుండా ఆ డెమో నేనెప్పుడైనా చేశానా? ఆఖరుసారి కూడా నువ్వే పడుకోవాలి. హోటల్లో మన గదికి కూడా చెప్పేశాను. కిటికీ పక్క మంచం నీకే, ఈసారి గొడవ పెట్టుకోను.

మొన్న మన పాత ఆసుపత్రి వైపు వెళ్ళాను. మనం పని నేర్చుకున్న నేలమాళిగ గది ఉందే, అందులో ఇప్పుడు విరిగిన కుర్చీలు పడేస్తున్నారు. తలుపు తోస్తే అదే చెమ్మ వాసన. గుమ్మంలో నిలబడితే కళ్ళ ముందు అంతా తిరిగింది. బీరువా అంత మెషీను, దాని పక్కన చువ్వలా నువ్వు. రోగులు వెళ్ళిపోయాక ఒకళ్ళ మీద ఒకళ్ళు నేర్చుకోండమ్మా అని పెద్ద డాక్టరుగారు చెప్తే, ముందు నన్నే పడుకోబెట్టావు. ప్రోబ్ అలా పెట్టి ఇలా తీసేసి, "నీలో పొగమంచు తప్ప ఏమీ కనపడట్లేదే డబ్బా" అన్నావు. ఆ పేరు అలాగే ఉండిపోయింది, నీ నోరు పడ! నీ మీద పెడితే అద్దంలో చూసినంత స్పష్టంగా గుండె. అంతే, ఆ రోజునుంచీ పడుకోవడం నీ వంతు, చూడడం నా వంతు.

పైకొచ్చేటప్పుడు ఆ మెట్లు ఒక్క ఊపున ఎక్కలేక, మధ్యలో ఆగి గోడ మీద నోటీసులు చదువుతున్నట్టు నటించాను. ఎడమ భుజం కూడా పీకుతోంది. పెద్ద డాక్టరుగారు ఎడమ చేత్తో నేర్పిన పుణ్యం, ఇన్నేళ్ళు ప్రోబ్ పట్టుకున్న భుజం మరి. మన వృత్తిలో ఎవర్ని అడిగినా ఇదే గోల కదా.

వస్తున్నానని వెంటనే రాయి.

నీ కోసం ఎదురుచూస్తూ,
డబ్బా

*

నా డబ్బా తల్లికి,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వితే, మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు. ఆ నేలమాళిగ గది గురించి నువ్వు రాశావు గాని, మన మొదటి కాన్ఫరెన్సు మర్చిపోయావా? ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క మంచి కోటు. పొద్దున నువ్వు వేసుకుని హాల్లోకి వెళ్తే నేను గదిలో కూర్చోవడం, మధ్యాహ్నం నేను వెళ్తే నువ్వు కూర్చోవడం. సగం ఉపన్యాసాలు నువ్వు విన్నావు, సగం నేను విన్నాను, రాత్రి ఒకళ్ళకొకళ్ళం అప్పజెప్పుకున్నాం. నువ్వు చెప్పిన సగంలో సగం నువ్వు కల్పించినదే అని తర్వాత తెలిసిందిలే. టీ విరామంలో బిస్కట్లు చేతిరుమాల్లో మూటగట్టుకుని పారిపోయి వచ్చేదానివి. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను, నిజం.

కానీ ఈసారి నేను రాలేనే. మా ఆయనకి మోకాలు బాగాలేదు, ఆయన్నొక్కరినీ వదిలి రాలేను. పైగా ఈ వయసులో అంతమంది ముందు దుప్పటి కప్పుకుని పడుకోవడానికి సిగ్గేస్తోంది. ఎవరైనా సన్నటి పిల్లని చూసుకో, బోలెడుమంది దొరుకుతారు.

అది సరేగాని, ఆ భుజం నొప్పి ఏం చేస్తే వస్తోంది? ప్రోబ్ పట్టుకున్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడా? ఎంతసేపు ఉంటోంది? ఏం లేదు, మామూలుగా అడుగుతున్నాను.

ప్రేమతో,
నీ పుల్ల

*

పుల్లా,

"ప్రియమైన" అని కావాలనే రాయలేదు.

మోకాలంటే మోకాలట! మీ ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్యగారే ఎత్తారు. మేడ మీంచి దిగి వచ్చానమ్మా అన్నారు, ఆయాసం కూడా లేదు. నువ్వు చెప్పిన మోకాలు ఆయనదో ఎదురింటాయనదో కనుక్కో. ఇక సిగ్గంటావా, ఇన్నేళ్ళూ లేని సిగ్గు ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చిందే?

నాకు రెండే కారణాలు తోస్తున్నాయి. ఒకటి, ఎప్పుడూ మైకు నాదే, చప్పట్లూ నాకే, నువ్వు మాత్రం నోరు మూసుకుని పడుకునేదానివి. ఆ కష్టం ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని ఇప్పుడు బయటపెడుతున్నావా? అదే అయితే మైకు నువ్వే పట్టుకో, నేనేమీ అనుకోను. (కొంచెం అనుకుంటాను.) రెండోది రాయడానికి చెయ్యి ఆడట్లేదు. నీ గుండెలో ఏదో తేడా వచ్చింది, పడుకుంటే నా కంటపడుతుందని తప్పించుకుంటున్నావు. అదేనా? ఒట్టు, ఈ అనుమానం వచ్చిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. వెంటనే ఎకో తీయించుకుని నాకు చెప్పు. దాస్తే జన్మలో మాట్లాడను.

నా భుజం గోల నీకెందుకు? ప్రోబ్ పట్టుకున్నంతసేపూ బాగానే ఉంటుంది. గబగబా నడిచినా మెట్లెక్కినా పట్టేస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. చేతిసంచి బరువు మరి. మొన్న బస్సు కోసం నాలుగడుగులు పరిగెత్తితే కళ్ళు తిరిగాయి, కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో! పొద్దున ఏమీ తినలేదులే. నా సంగతి వదిలెయ్, నీ సంగతి చెప్పు.

బెంగతో, కోపంతో,
డబ్బా

*

ప్రియమైన డబ్బా,

నా గుండె భేషుగ్గా ఉంది. నీ ఉత్తరం అందగానే మా ఆసుపత్రిలో అమ్మాయి చేత తీయించుకున్నాను. నీకు మైకు ఇవ్వడం గురించి నాకు ఏ కష్టమూ లేదు. నాకు నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పడతాయని నీకు తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. మెట్లెక్కితే ఆయాసం. నడిస్తే ఎడమ భుజంలో నొప్పి, కూర్చుంటే మాయం. పరిగెత్తితే కళ్ళు తిరగడం. ఇవన్నీ ఎవరో పెద్దావిడ నీ ఎదురుగా కూర్చుని చెప్పిందనుకో. ఏమంటావు? మాట పూర్తికానివ్వకుండా "ఇలా పడుకోమ్మా" అంటావు. ప్రోబ్ వల్ల వచ్చిన నొప్పి ప్రోబ్ పట్టుకుంటే రావాలి గాని, మెట్లెక్కితే ఎందుకొస్తుందే? లోకంలో అందరి గుండెలూ చూసిన దానివి, నీ గుండె నొప్పికి భుజం పేరు పెట్టి తిరుగుతున్నావు. అలుపొస్తోందని ఫోన్ మానేశావు, దానికి నా "ఆ", "ఊ"ల మీద నెపం వేశావు.

నాకు క్రితం ఏడాది డెమోలోనే అనుమానం వచ్చింది. అందుకే రానన్నాను. నేను వచ్చి పడుకుంటే నువ్వు హాయిగా నా గుండె చూపించి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికెళ్ళిపోతావు. నాకు ఆ చప్పట్లకన్నా నువ్వు ముఖ్యం. ఇదీ నా షరతు: ముందు నువ్వు పడుకో, నేను చూస్తాను. అంతా బాగుంటే ఆ డెమోకి నేనే పడుకుంటాను, పదేళ్ళపాటు దెప్పుకో. ఒప్పుకుంటే చెప్పు, రేపే బయల్దేరతాను.

నీ పుల్ల

*

పుల్లా,

నాకే పాఠాలు చెప్పకు. ఎకో తీస్తే ఏం కనపడుతుందో నాకు తెలియదనుకున్నావా? కనపడ్డాక నన్ను ఆ స్టేజీ ఎక్కనిస్తారా? ఆ ఒక్క గంట నాకు కావాలి. ఆ తర్వాత ఏమైనా కానీ.

నువ్వు రానక్కర్లేదు. పడుకోవడానికి వేరే పిల్లని చూసుకున్నాను. గదిలో ఒక్కదాన్నే ఉంటాను.

ఇక రాయకు.

*

నా పుల్లకి,

నేనున్న వార్డు బయట బెంచీ మీద నువ్వు కూర్చున్నావని, లోపలికి పంపమని పెద్ద గొడవ చేశావని నర్సు చెప్పింది. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టే మనిషివి! ఆవిడ మాత్రం ఇవాళ ఎవర్నీ రానివ్వదట. జాలిపడి ఈ కాగితం ఇచ్చింది, రాస్తే నీ చేతిలో పెడతానంది.

రావద్దంటే వచ్చే మొండిదానివి నువ్వే. డెమోకి ముందు స్టేజీ మెట్ల దగ్గర నిన్ను చూడగానే చెడామడా తిడదామనుకున్నాను. ఊపిరందక తిట్టలేకపోయాను. "పడుకుంటావా, మైకులో హాలందరికీ చెప్పమంటావా?" అన్నావు. జనం ఇంకా బయట టీలు తాగుతున్నారు. పెద్ద తెర ఆపించి, పరదా లాగించావు. గొణుక్కుంటూనే ఎడమవైపుకి తిరిగి పడుకున్నాను. జెల్ చల్లగా తగిలి ఒళ్ళు జలదరించింది.

మెషీను తెర నా తల వైపు ఉంది, పడుకుంటే కనపడలేదు. కనపడింది నీ మొహమే, జానెడు దూరంలో. ముందు నీ కనుబొమలు దగ్గరికొచ్చాయి. తర్వాత నీ చెయ్యి ఒక్కచోటే ఆగిపోయింది. నా గుండె వాల్వు ఎంతగా మూసుకుపోయిందో మెషీను చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అప్పుడు ఇంకోటి కూడా తెలిసింది, అది చెప్పకుండా ఉండలేను. ఇన్నేళ్ళూ నువ్వు ఆ మంచం మీద పడుకుని నా మొహమే చూస్తూ ఉన్నావు కదే. నేను తెర వంక చూస్తూ, నీ గుండె గురించి హాలంతటికీ చెప్పుకుంటూ, చూసేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. క్రితం ఏడాది నా మొహంలో ఏం కనపడిందో గాని, దాన్ని కనిపెట్టగలిగింది నువ్వొక్కదానివే. నన్ను అంతసేపు చూసినవాళ్ళు ఇంకెవరున్నారు?

నన్ను అట్నుంచి అటే ఈ ఆసుపత్రికి తెచ్చేశాక, డెమో ఎవరో కుర్ర డాక్టరమ్మ చేసిందట. చాలా బాగా చేసిందట కూడా. విని కాస్త మండింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఆకలేసింది.

రేపు పొద్దున్నే ఆపరేషన్. కొత్త వాల్వు వేస్తారు. సర్జన్ వచ్చి బోలెడు ధైర్యం చెప్పి వెళ్ళాడు. అవే మాటలు నేను కూడా ఎంతమందికో చెప్పాను కాబట్టి అవి నా మీద పనిచెయ్యలేదు. భయంగా ఉందే. ఇంకెవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను. రేపు నన్ను తోసుకెళ్ళేటప్పుడు ఆపరేషన్ గది తలుపు దాకా నా పక్కనే నడువు. నవ్వమని అడగను, ఏడవొద్దని కూడా అనను. పడుకున్న నాకు నీ మొహం కనపడేలా కాస్త ఒంగి నడువు, అంతే.

నీ
డబ్బా