కదపని చేతులు

నా తల్లి ఐరిస్‌కు,

మీ అమ్మ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. క్షేమమంటే లేస్తున్నాం, తింటున్నాం, పనికి పోయి వస్తున్నాం. నువ్వు ఆ సైన్యం శిక్షణలో వేళకి ఇంత తిని పడుకుంటున్నావనే అనుకుంటున్నాను. మీ ఫోన్లు లాక్కున్నారంటే మొదట్లో కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. ఫోన్లో అయితే నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ అనేదాన్ని కాదు. కాగితం మీద ఏదో ఒకటి రాయక తప్పదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మీ నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను చూస్తుండగానే మింగుతున్నాడు. పెరట్లో బెండ బాగా కాసింది కానీ కోయలేదు, ముదిరి కట్టెలైపోయాయి. బూట్లు కరిచి నీ మడమలు బొబ్బలెక్కాయని రాశావు. రెండు జతల మేజోళ్ళు వేసుకో, లోపలిది పలచనిది. బొబ్బ గిల్లకు.

"ఏడ్చావా అమ్మా, నిజం చెప్పు" అని అడిగావు. ఏడవలేదు. జూన్‌లో ఆ వానలో వంతెన మీద కారు జారి మీ అన్న రోలండ్ పోయాక, వాడిని మట్టిలో పెట్టిన రోజు నీ పక్కన ఎలా నిలబడ్డానో ఇప్పటికీ అలాగే ఉన్నాను. కోళ్ళ ఫ్యాక్టరీలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి, షిఫ్టు దిగేసరికి నా వేళ్ళు నావి కానట్టు ఉంటాయని నీకు చెప్పేదాన్ని కదా. ఇప్పుడు ఒళ్ళంతా అలా ఉంది. మొన్నామధ్య రొట్టె తీస్తుంటే ఓవెన్ అంచు తగిలి మణికట్టు కాలింది. నాకు తెలియనే లేదు. మీ నాన్న చూసి, నా చెయ్యి లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టాడు.

ఇక ఆట సంగతి. శనివారం మన కాలేజీ జట్టు సొంత మైదానంలో ఈ ఏటి మొదటి ఫుట్‌బాల్ ఆట ఆడింది. వెళ్ళాను. అంతకుముందు వారం పొరుగూళ్ళో ఒక్క పాయింటుతో ఓడిపోయిన కబురు నీ దాకా వచ్చి ఉండదు. చివర్లో ఒక్క తన్ను సరిగ్గా పడితే సమానమయ్యేది. పడలేదు.

ఈ ఆట నాకెప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. ఎవరు ఎవరి మీద ఎందుకు పడుతున్నారో పక్కన కూర్చుని నువ్వే చెప్పేదానివి. నాకు తెలిసింది రోలండ్ పని ఒక్కటే. తన్నే సమయానికి వాడు పరుగున వచ్చి, వంగి, ఆ కోలబంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి విసరాలి. వెనక మోకాలి మీద కూర్చున్నవాడు దాన్ని పట్టి నేల మీద నిలబెడితే తన్నేవాడు తంతాడు. అంతే. మళ్ళీ పరుగున పోయి బెంచీ మీద కూర్చోవడమే. ఆడిన మూడేళ్ళలో మైకులో వాడి పేరు ఒక్కసారీ వినలేదు. అదేమిట్రా అంటే, "పేరు రాలేదంటే పని సరిగ్గా చేసినట్టే అమ్మా, నా పనికి పేరొచ్చేది తప్పు చేసినప్పుడే" అనేవాడు.

ఇప్పుడు ఆ పని కోల్బీ అనే అబ్బాయిది. నిరుడంతా రోలండ్ పక్కన బెంచీ మీద కూర్చునేవాడు, చెవులు పెద్దవి, నీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు వారం ఆ ఆఖరి బంతిని వాడు పట్టేవాడి తల మీదుగా ఎక్కడికో విసిరేశాడు. అలా ఓడిపోయాం. ఆ సోమవారం నుంచి ఫ్యాక్టరీలో, చర్చిలో, సరుకుల కొట్లో ప్రతివాళ్ళూ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. మీవాడుంటే ఓడిపోయేవాళ్ళం కాదు. ఓదార్పుకే అన్నారు. నేను తల ఊపుతూ ఉండిపోయాను.

శనివారం పొద్దున మీ నాన్న, లెమ్యూల్ బాబాయి కలిసి స్టేడియం పక్క గడ్డిలో ట్రక్కు వెనక తలుపు దించి బొగ్గుల పొయ్యి రాజేశారు. ఏటా ఆటకి ముందు వండుకు తినే చోటే. నేను గుడ్లు ఉడికించి మసాలా పెట్టి తీసుకెళ్ళాను. ఉప్పు వెయ్యలేదని తర్వాత తెలిసింది. అయినా అన్నీ తినేశారు. మీ బాబాయి పంది పక్కటెముకలు తిరగేస్తూ చుట్టూ ఉన్నవాళ్ళని నవ్విస్తున్నాడు. "పోయిన వారం ఆ చెవులోడు విసిరిన బంతి ఇంకా కిందికి దిగలేదంటరా. మిసిసిపీ నది దాటిపోతోందంట. ఇవాళ అందరూ గొడుగులు తెచ్చుకోండి, ఎవడి నెత్తిన పడుతుందో ఏమో." అందరూ నవ్వారు. మీ నాన్న నవ్వలేదు. నేనూ నవ్వలేదు, కానీ ఆపమని కూడా అనలేదు.

చూస్తే ఆ అబ్బాయి మా వెనకే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చంకలో బంతి. బాబాయి పొయ్యిలోకి తల దూర్చినంత పని చేశాడు.

"మిస్ వర్లీన్, క్షమించమని అడగడానికి రాలేదండీ. అడిగితే మాత్రం ఏం లాభం" అన్నాడు. "ఇవాళ కూడా తప్పితే నేనే మానేస్తానని కోచ్‌కి చెప్పేశాను. రోలండ్ నాతో ఒక మాట అన్నాడండీ. విసరడం తనకి కోచ్ నేర్పలేదంట. మీరు నేర్పారంట."

"నాకేం తెలుసు బాబూ. బకెట్ మీద కూర్చునేదాన్ని, అంతే."

"అదేనండీ. ఒక్క పది నిమిషాలు కూర్చుంటారా?"

ఆ బకెట్ నీకు తెలుసు కదా. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి వాడు పెరట్లో ఖాళీ పెయింటు బకెట్ బోర్లించి ఉంచేవాడు. నిలబడే ఓపిక లేక దాని మీద కూర్చుని, చేతులు చాచి, అలాగే పెట్టుకునేదాన్ని. పక్కకి పోయిన బంతి కోసం వాటిని కదిపే ఓపికా ఉండేది కాదు. గురి తప్పితే నా భుజానికో మూతికో తగిలేది. మొదటి వారంలోనే పెదవి చిట్లింది. అమ్మకి తగలకూడదని వాడు గురి నేర్చుకున్నాడు. అందులో నేను నేర్పిందేముంది? వంగి కాళ్ళ మధ్య నుంచి నన్ను చూస్తూ, "తలకిందులుగా చూస్తే నువ్వు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటావే అమ్మా. మూతి ముడుచుకుని కూర్చున్నా నవ్వే" అనేవాడు.

ఐరిస్, ఇక్కడ నీకొకటి చెప్పాలి. మొదటి వాక్యం నుంచీ తప్పించుకుంటూ వస్తున్నాను. ఆ ఓడిపోయిన ఆట నేను వంటింట్లో రేడియోలో విన్నాను. బంతి తల మీదుగా పోయిందనగానే ఆ చెప్పే ఆయన, "రోలండ్ లేని లోటు ఇవాళ తెలిసింది" అన్నాడు. వాడి పేరు చెప్పాడు. నాకు సంతోషమేసింది. గట్టిగా నవ్వాను కూడా. ఏడుస్తున్నాననుకుని మీ నాన్న పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే ఆగి నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. వాడు పోయినా ఫ్యాక్టరీ నడుస్తోంది, బడి బస్సు వస్తోంది, బెండ కాస్తోంది. ఏదో ఒకటి ఆగిపోవాలి కదా అని నాకుండేది. చివరికి ఒకటి ఆగింది. శనివారం నేను వెళ్ళింది అది మళ్ళీ చూడటానికే. ఆ పిల్లాడు మళ్ళీ తప్పాలని, మైకులో మళ్ళీ మనవాడి పేరు రావాలని. తల్లినై ఉండి ఇంకొక తల్లి బిడ్డకి అలా కోరుకున్నాను.

అందుకే కోల్బీ అడిగితే నా వల్ల కాదు, పో అని నోటి దాకా వచ్చింది. ఈలోపు మీ నాన్న ఐసు బకెట్ ఎత్తి గడ్డిలో బోర్లించాడు. సోడా డబ్బాలన్నీ దొర్లుకుంటూ పోయాయి. బకెట్ అడుగు చొక్కాతో తుడిచి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

కూర్చున్నాను. చేతులు చాచాను.

మొదటిది నా తల మీదుగా పోయి ట్రక్కుకి తగిలింది. రెండోది మెడ కింద ఎముక మీద కొట్టింది. వాడు హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు.

"చేతులు కాస్త కదిపితే అందేది కదండీ."

"నేను కదపను. నువ్వే తేవాలి."

"మీకు తగులుతుందండీ, మిస్ వర్లీన్."

"తగలనీ. వెళ్ళి విసురు."

వెళ్ళి వంగాడు. కాళ్ళ మధ్య నుంచి వాడి కళ్ళు కనిపించాయి. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, తలకిందులుగా చూసినవాడికే తెలియాలి. విసురుతూనే ఉన్నాడు. మోకాలికి ఒకటి, మోచేతికి ఒకటి. బాబాయి పట్టకారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, పక్క ట్రక్కులవాళ్ళూ ఇటే తిరిగారు. ఎన్నోసారికో బంతి ఈల వేసినట్టు తిరుగుతూ వచ్చి సరిగ్గా రెండు అరచేతుల మధ్య పడింది. మండింది. చేతులు మండాయి, ఐరిస్. ఆ వెనక వచ్చినవన్నీ అక్కడే పడ్డాయి. చాలు అని నేను అనలేదు. వాడే ఆపి, టోపీ పెట్టుకుని జట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆటలో మొదటిసారి తన్నే సమయం వచ్చినప్పుడు స్టేడియమంతా అటే చూసింది. మా వెనక ఎవడో గొడుగులు తెరవండర్రా అన్నాడు. బాబాయే వెనక్కి తిరిగి నోరు ముయ్యమన్నాడు. తప్పలేదు. రెండోసారీ తప్పలేదు. నాలుగోసారికి జనం వేరుశనగలు కొనుక్కుంటున్నారు, ఎవరూ అటు చూడనే లేదు. మైకులో తన్నినవాడి పేరు చెప్పారు. కోల్బీ పేరు రాలేదు. మన రోలండ్ పేరూ రాలేదు. నేను పెదాలు కదిపి ఇద్దరి పేర్లూ అనుకున్నాను. గెలిచాం, పాయింట్లవీ మీ నాన్న రాస్తాడు.

జనం లేచి వెళ్ళిపోతున్నా మేము కూర్చునే ఉన్నాం. మీ నాన్న నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు.

"వాచాయి. నొప్పిగా ఉందా?"

"ఉంది" అన్నాను.

ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యి వదలలేదు, ఒంటిచేత్తోనే బండి నడిపాడు. ఇవాళ్టికీ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు, రాత వంకరగా ఉంటే అందుకే.

నీ మడమలు ఎలా ఉన్నాయో రాయి. మేము బాధపడతామని "పరవాలేదు, తగ్గిపోయింది" అని రాయకు. నొప్పిగా ఉంటే నొప్పిగా ఉందనే రాయి.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
వర్లీన్