పీకక్కర్లేని స్టిక్కర్

ఏవండీ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించాను. భోజనాలకు మనిద్దరం పనిచేసిన కంపెనీ బీఫే తెచ్చి వండాను.

ఆదివారం చర్చి భోజనాల వంటకు ముందు సామానంతా బల్లమీద పెట్టి ప్రార్థన చేస్తారు కదా, అప్పుడు మీరు మాంసం ప్యాకెట్ల మీది ఆకుపచ్చ స్టిక్కర్లు గోటితో పీకేసేవారు. "గడ్డి మేసిన పశుమాంసం, భూమికి మేలు చేసే మాంసం" అని ఉండేది వాటిమీద. "పశువులు గడ్డి మేసిన మాట నిజమేనే. ఈ రెండో మాట పెద్ద కంపెనీ వాళ్లు ఫారం కొన్నాక తగిలించింది. రుజువు లేనిది దేవుడి ముందు ఎందుకు?" అనేవారు. వారమంతా ప్యాకింగులో మీరే అంటించి, ఆదివారం మీరే పీకేవారు! ఆఫీసులో అచ్చుకు వెళ్లేముందు వాటి ప్రూఫులకు సంతకం పెట్టేది నేనని మాత్రం ఒక్కసారీ ఎత్తిపొడవలేదు.

పోయిన నెల కొత్త ప్రూఫు వస్తే సంతకం పెట్టలేదండీ. "ఆధారం చూపించండి" అని రాసి వెనక్కి పంపాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి మేనేజరు పిలిచి, "ఆధారం దొరకలేదు మేరీ, ఆ లైన్ తీసేశాం. థాంక్స్" అన్నాడు. మన క్వేకర్స్ హిల్ స్టేషన్‌లో రైలు దిగి ఇంటిదాకా నడుస్తుంటే ఎంత ఆకలేసిందో!

ఇవాళ పాస్టరుగారు ప్రార్థనకు లేవగానే మన అమ్మాయి రూతు అచ్చం మీలాగే ప్యాకెట్ మీద గోరు పెట్టి వెతికింది. "గడ్డి మేసిన పశుమాంసం" అని మాత్రమే ఉంది.

"మమ్, నథింగ్ టు పీల్!" అని గుసగుసలాడింది.

ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

మీ మేరీ