మంట ఘనం చేస్తాను

గాజువాక,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కకు నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాసేది ఏమంటే, ఇక్కడ నేను, నీ మరిది, చంటిది ఒంట్లో బాగానే ఉన్నాం. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ అత్తగారు రెండు పూటలా అన్నం తింటున్నారా? పిల్లలిద్దరూ పరీక్షలు బాగా రాశారా? అందరి సంగతీ వివరంగా రాయి. పోయినసారిలా కార్డు మీద నాలుగు గీతలు గీకి పడేశావంటే నేను జవాబు రాయను.

నువ్వు అల్లి పంపిన స్వెటర్లు చేరాయి. పోస్టుమాన్ పార్సిలు నొక్కి చూసి, "ఏటమ్మా ఇది, దూదా?" అన్నాడు. స్వెటర్లని చెప్తే నన్ను కిందికీ మీదికీ చూసి వెళ్ళాడు. ఈ ఎండల్లో విశాఖపట్నంలో స్వెటర్లు తెప్పించుకున్న పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చంటిదానికి తొడిగి చూశాను. చెమట పట్టి ఏడ్చింది గాని విప్పనివ్వలేదు. నీ మరిదిది భుజాల దగ్గర కాస్త వదులయింది. అది నీ తప్పు కాదు, మనిషే చిక్కిపోయారు.

ఎందుకు చిక్కారో, ఈ ఉత్తరం ఇంత లావుగా ఎందుకుందో చెప్తాను. ఓపిగ్గా చదువు. చివరి కాగితం ముందు చదివే నీ అలవాటు ఈసారికి మానుకో.

నీ మరిది కంపెనీలో బాయిలరు ఉందని చెప్పాను కదా. మన ఇడ్లీ పాత్ర లాంటిదే, కాకపోతే మన ఇంటికన్నా పెద్దది. కింద ఆయిలు మంట, లోపల నీళ్ళు, పైనుంచి ఆవిరి. సర్టిఫికెట్టున్న మనిషి దగ్గర నిలబడి ఉంటే తప్ప దాన్ని నడపకూడదట, అది చట్టం. ఆ సర్టిఫికెట్టు ఇన్నాళ్ళూ ఒక పెద్దాయనకు ఉండేది. ఆయన మస్కట్ వెళ్ళిపోతున్నారు. కింద పనిచేసేవాళ్ళలో నీ మరిది, అప్పన్న, ఇద్దరూ పరీక్షకు కట్టారు.

అప్పన్న ఎవరంటే, పక్క వాటాలో ఉండే అబ్బాయి. జాలరిపేట వాళ్ళు. వాళ్ళ నాన్న ఇప్పటికీ తెప్ప మీద వేటకు వెళ్తాడు, ఇతను మాత్రం నీళ్ళు వదిలేసి ఆవిరి దగ్గరకొచ్చాడు. ఇక్కడి మగవాళ్ళకు చుట్టరికంతో పని లేదు, ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ లెక్కన నేను అతనికి చెల్లెల్ని. ఆదివారం వచ్చిందంటే "సెల్లెమ్మా, సేపలు" అంటూ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. మేం తినమని ఎన్నిసార్లు చెప్పినా ఆ గిన్నె ఆగదు. మంచి మనిషి. మంచితనం ఎక్కువైతే ఏమవుతుందో ముందు ముందు చదువుతావు.

పరీక్షకు ముందు మేనేజరు ఇద్దర్నీ పిలిచి, "పాసైనవాడిదే బాయిలరు. రెండో సర్టిఫికెట్టు మనిషి తయారయ్యేదాకా ఒక్క పూట సెలవు కూడా అడగొద్దు. తప్పినవాణ్ణి ఎన్నాళ్ళు ఉంచుకోగలనో నేను చెప్పలేను" అన్నాడట. అర్థమైందా? తప్పితే ఉద్యోగానికి దిక్కులేదు. పాసైతే సెలవు లేదు, మీతో ఊటీ ప్రయాణానికి దిక్కులేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇద్దరూ పాసైతే మాత్రం ఒకరి తర్వాత ఒకరు సెలవు పెట్టుకోవచ్చు. నేను ఆ ఒక్క ఆశతోనే ఉన్నాను.

ఊటీ అంటే నాకు ఊరు కాదక్కా. ప్రొద్దుటూరులో వేసవిలో తడి చీర కప్పుకుని పడుకుని, మే నెలలో దుప్పటి కప్పుకునే ఊరికి ఎప్పటికైనా ఇద్దరం వెళ్ళాలని మనం ఎన్నిసార్లు అనుకోలేదు? ఇప్పుడు అక్కడ బావగారి స్నేహితుడి ఇల్లు ఖాళీగా ఉంది, జూన్ దాటితే ఆయనకు బదిలీ. మళ్ళీ మనకు అక్కడ ఇల్లెవరిస్తారు? హోటల్లో దిగే తాహతు మీకూ లేదు, మాకూ లేదు.

ఇక్కడ ఎలా ఉన్నానో కూడా రాస్తాను, తర్వాత నాకు ఏమీ చెప్పలేదని అంటావు. మాది రేకుల ఇల్లు. సముద్రపు గాలి వస్తుందని చెప్పి అద్దెకిచ్చారు. గాలి మాట దేవుడెరుగు, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపునుంచి ఎర్రదుమ్ము మాత్రం వేళ తప్పకుండా వస్తుంది. ఆరేసిన తెల్లచీర తీసేసరికి గులాబీ రంగు. బయటికి కదలాలంటే నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంట్లో కూర్చుంటే నీ మరిది చదువు. రేడియో పెట్టకూడదు, కుక్కరు కూత వేయకూడదు, చంటిది నవ్వినా నేను ఉష్ అనాలి. అది ఇప్పుడు కాకిని చూసినా ఉష్ అంటోంది. ఒక్కోసారి ఊపిరాడదక్కా. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. నువ్వు బెంగపెట్టుకోకు, మాకేం లోటు లేదు. తిండీ బాగానే ఉంది. ఇక్కడివాళ్ళు పులుసులో బెల్లం వేస్తారు, అదొక్కటే నాకు కొరుకుడు పడలేదు. వీలైతే చెనిక్కాయల పొడి పంపు. వెల్లుల్లి ఎక్కువ వేయి.

ఇక పరీక్ష. రోజూ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, నేను తెలుగు గైడు పట్టుకుని ప్రశ్నలు అడిగేదాన్ని, ఆయన జవాబులు చెప్పేవారు. అందులో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. బాయిలరులో ఎన్ని నీళ్ళున్నాయో చూపించే గాజుగొట్టంలో నీళ్ళు కనిపించకపోతే ముందు ఏం చేస్తావు? మనమైతే నీళ్ళు పోస్తాం అంటాం. తప్పు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే బాయిలరు పేలుతుంది. ముందు మంట ఆర్పాలి.

ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన దీపం ఎదురుగా కూర్చుని "మంట ఆర్పేస్తాను" అనేవారు. నా మనసు చివుక్కుమనేది. మన ఇంట్లో దీపం దగ్గర ఆ మాట ఎప్పుడైనా విన్నామా? ఆర్పమంటే అమ్మ ఊరుకునేదా? దీపం ఘనం చెయ్యి అనే కదా మనకు నేర్పింది. "సంజవేళ ఆ పాడుమాట ఏమిటండీ, ఘనం చేస్తాను అనండి" అని నేను పట్టుబట్టాను. ఆయన నవ్వి, సరే, మీ అమ్మగారి ఆజ్ఞ అన్నారు. అప్పట్నుంచీ రోజూ "మంట ఘనం చేస్తాను, ఆ తర్వాత ఆవిరి వాల్వు మూస్తాను" అని పాఠంలా అప్పజెప్పారు.

మొన్న బుధవారం పరీక్ష జరిగింది. అడిగిన ఆఫీసరు తమిళాయన. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారట, చక్కగానే మాట్లాడతారట. నీ మరిది అన్నిటికీ బాగా చెప్పారు. చివర్న ఆ ప్రశ్న వచ్చింది.

"ముందు మంట ఘనం చేస్తాను సార్" అన్నారు ఈయన.

"ఘనమా?"

"అవును సార్, వెంటనే ఘనం చేస్తాను."

ఆఫీసరు కలం కింద పెట్టి, "ఘనం అంటే పెద్దది కదయ్యా! నీళ్ళు లేని బాయిలరు కింద మంట పెద్దది చేస్తావా? నిన్ను దాని దగ్గర ఎవరు పెట్టారు?" అని కేకలేశారట.

ఇంటికొచ్చి చొక్కా విప్పుకుంటూ ఆయన ఇదంతా చెప్తుంటే నేను నెత్తి కొట్టుకున్నాను. నా చాదస్తం కొంప ముంచిందని ఏడుపొచ్చింది. "మా వైపు ఆర్పడాన్ని అలా అంటామని ఒక్క ముక్క చెప్తే పోయేది కదండీ?" అన్నాను.

ఆయన చొక్కా కొక్కేనికి తగిలించారు. తర్వాత, "నోటిదాకా వచ్చింది పద్మా. అప్పన్న ఎలాగూ గట్టెక్కడని నాకు తెలుసు. నేను పాసైతే ఈ ఏడు నువ్వు ఊటీ చూడవు. అందుకని ఊరుకున్నాను" అన్నారు.

నేను తిట్టాలి కదా? ఉద్యోగం పోతే ఏం తింటాం అని అడగాలి కదా? అడగలేదు. మద్రాసు బండి ఎక్కడానికి సెలవు ఎప్పుడు అడుగుతారని అడిగాను. అటక మీది పెట్టె దించమన్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, పెళ్ళయి ఈ ఊరొచ్చాక నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. బట్టలు మడతపెడుతూ పాట కూడా పాడాను. చంటిది నన్నే ఉష్ అంది.

పెట్టె సగం నిండేసరికి అప్పన్న వచ్చాడు, చేతిలో మైసూరుపాకు పొట్లం.

"బావా! నువ్వు పాసే! పాసైపోనావు!"

నీ మరిది లేచి నిలబడ్డారు. అప్పన్న ఆయాసం తీర్చుకోకుండానే చెప్పాడు. "నీ ఎనకాల నాను ఎల్నాను కదా. ఆ సారు ఇంకా మండిపోతన్నాడు. ఇందాకటోడు మంట పెంచేత్తానన్నాడయ్యా అని నాతో చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. సారూ, ఆళ్ళు దీపం ఆర్పడం అనరండి, ఘనం అంటారండి, గోడవతల్నుంచి రోజూ ఇంటన్నానండి అన్నాను. సారు పకపకా నవ్వేసి అప్పుడే పాసని రాసేసినాడు!"

"మరి నువ్వు?" అన్నారు ఈయన.

"నాను సేఫ్టీ వాల్వు దగ్గర పోనాను. ఫర్వానేదు బావా, మళ్ళీ దసరా ఎల్లినాక పెడతారంట. ఏటి అలా సూత్తన్నావు? సంతోషం నేదేటి?"

అప్పుడు అతని చూపు పెట్టె మీద పడింది. "ఏటి సెల్లెమ్మా, పెయానమా?" అన్నాడు.

దాచి ఏం లాభమని నేనే చెప్పేశాను. అతను గుమ్మంలోనే కూలబడి తల పట్టుకున్నాడు. "అయ్యో సెల్లెమ్మా, నాను నోరు మూసుకున్నా పోయేది కదే" అన్నాడు. నీ మరిది అతని భుజం తట్టి, నువ్వు నా ఉద్యోగం నిలబెట్టావురా అన్నారు. అదీ నిజమే కదా. ముగ్గురం కూర్చుని మైసూరుపాకు తిన్నాం. చంటిది నాలుగు ముక్కలు తింది.

ఎవర్ని తిట్టాలో తెలియకపోతే ఎంత కష్టమో నీకు తెలుసా? మేనేజర్ని తిడదామంటే అతను చట్టం చెప్పాడు. ఆఫీసరు న్యాయం చేశాడు. అప్పన్న మేలు చేశాడు. ఈయన నాకోసం తప్పడానికే సిద్ధపడ్డారు. ఒక్కడైనా చెడ్డవాడు ఉండుంటే కాస్త మనసారా శాపనార్థాలు పెట్టి అన్నం తినేదాన్ని. నిన్ననే బాయిలరు ఈయనకు అప్పగించారు. జీతం కూడా కాస్త పెరుగుతుందట, మెచ్చుకోవాలి. పొద్దున్నే వెళ్తారు, మంట ఘనమయ్యేదాకా గేటు దాటడానికి లేదు. అప్పన్న పాసయ్యేదాకా ఇంతే.

నిన్న ఆయన, "నువ్వూ చంటిదీ వెళ్ళండి, అప్పన్న మద్రాసు దాకా దింపి వస్తాడు" అన్నారు. ఊరికే అన్నమాట కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారు. నాకు వెళ్ళాలనే ఉంది. లేదని రాస్తే నువ్వు నమ్మవు. అయినా రానక్కా. నాకోసం పరీక్షలో నోరు మూసుకుని నిలబడ్డ మనిషిని ఈ రేకుల కింద ఒక్కణ్ణి వదిలి చల్లటి ఊళ్ళో దుప్పటి కప్పుకుంటే నాకు నిద్ర పట్టదు. పెట్టె మళ్ళీ అటకెక్కింది.

మా కోసం మీ ప్రయాణం ఆపావంటే మాత్రం నా మీద ఒట్టే. జూన్ దాటితే ఆ ఇల్లు మీకూ దొరకదు. ముందే తీసిన మా టిక్కెట్ల డబ్బు వాపసు తెచ్చుకోమని బావగారికి చెప్పు, ఆయన మొహమాటపడతారు. పిల్లలు చెట్లెక్కకుండా చూసుకో. బావగారి మోకాలికి చలి పడదు, వేణ్ణీళ్ళు కాచి ఇవ్వు.

బావగారికి మా ఇద్దరి నమస్కారాలు. మీ అత్తగారి పాదాలు తాకానని చెప్పి, నీ మరిది ఆరోగ్యంగా ఉండాలని ఒక దీవెన అడిగి ఉత్తరంలో పంపు. పిల్లలకు ముద్దులు. చంటిది ఈ కాగితం మీద చెయ్యి వేస్తానని పేచీ పెట్టింది, ఆ మూల ఉన్న మరక దానిదే.

ఇంకొక్క మాట. ఊటీ నుంచి తప్పకుండా ఉత్తరం రాయి. అక్కడ ఎంత వణికించినా సరే అక్కా, చలి పెద్దగా లేదనే రాయి.

నీ చెల్లెలు,
పద్మ