చౌటినేల పంట

బేతంచెర్ల,
1926 నవంబరు 20.

చిరంజీవి జ్ఞానరాజుకు మీ అమ్మ ప్రభువు పేరట దీవించి రాసేది. నేనూ, చెవుడొచ్చిన మీ పెద్దమ్మ సంతోషమ్మా, ఆ పొగరుబోతు మేకా క్షేమమే. నువ్వు కూడా ఆ ఉప్పుమడుల కాపలాలో ఎండకు ఒళ్లు పాడుచేసుకోకుండా ఉన్నావని తలుస్తాను.

మోకాలి నొప్పి ఎట్లుందని అడిగావు. అది నాతోనే ఉంది, ఎక్కడికీ పోదు. రాళ్ల గనికి పోతున్నానా అని అడిగావు. పోవడం లేదు. మేస్త్రీ ముఖం మీదే చెప్పాడు: "కుంటుకుంటా వస్తాండావు, నీతో నాకేం పనమ్మా? ఇంట్లో కూచోపో." కూర్చుంటే కూడు ఎవరు పెడతారు? వాడికేం తెలుసు, నా పని నాకుంది.

నువ్వు సముద్రం గురించి రాసింది చదివినప్పటి నుంచి నాకు పగలే కలలు. పొద్దున్నే మన ఊరి చౌటినేల మీద ఉప్పు తెల్లగా పొంగి ఉంటుంది చూడు, అక్కడ నిలబడిపోతాను. మంచు ఇంకా విడిచి ఉండదు. ఆ తెలుపు కొండ దాకా పరుచుకుని, మెల్లగా కదులుతున్నట్టే ఉంటుంది. ఒకప్పుడు ఇదీ సముద్రమేనేమో, నీళ్లు వెళ్లిపోతూ ఇంత ఉప్పు ఇక్కడ మరచిపోయాయేమో అనుకుంటాను. మేక వచ్చి కొంగు లాగితే గాని ఇంటి దారి గుర్తుకు రాదు. నవ్వకు.

గుడిలో కోతల పండుగ బాగా జరిగింది. అందరూ తొలిపంట తెచ్చి బల్ల దగ్గర పెట్టారు. జొన్నకంకులు, గుమ్మడికాయలు, దాసన్న అయితే కోడిపుంజు. మనకు సెంటు భూమి లేదు కదా, ఏటా వట్టి చేతులతో పోయి వెనక వరసలో కూర్చునేదాన్ని. ఈసారి చిన్న కుండ ఒకటి తీసుకెళ్లి పెట్టాను. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు కదా, పాస్టరయ్యగారు ఆ కుండ మూత తీసి ఆగిపోయారు.

"ఇది యాడిదమ్మా, కృపమణీ?"

"నా పంట అయ్యగారూ."

అందరి చూపూ ఆ కుండ మీదే. అది చౌడు ఉప్పని అందరికీ తెలుసు, వండితే జైలని కూడా తెలుసు. ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాను. దాసన్నే లేచాడు. "ఏమప్పా, అట్ల చూస్తాండారు? దినామూ మన కూట్లో పడేది ఇదే కదా! నా పాట రెండణాలు." వెనక నుంచి ఇంకెవరో మూడన్నారు. నవ్వుకుంటూ పాడుతూనే ఉన్నారు. చివరికి ఆ కోడిపుంజు కన్నా ఎక్కువే పలికింది! నా కష్టానికి ఇంత వెల అని నలుగురూ లేచి చెప్పడం నా బతుకులో అదే మొదలు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

అవును నాయనా, వండేది నేనే. మీ నాయన చనిపోయిన ఏడాది నుంచీ వండుతున్నాను. అడుగున చిల్లి ఉన్న కుండలో చౌడు మట్టి వేసి నీళ్లు పోస్తే ఉప్పునీరు చుక్కచుక్కగా దిగుతుంది, దాన్ని కాస్తాను. నీ మిషను బడి చదువు దానితోనే గడిచింది. శానా రుచిగా ఉండాదని మెచ్చుకుని మీ దొరగారికి కూడా పెట్టావే, ఆ ఊరగాయలో వేసిందీ అదే. నీది ఉప్పు కాపలా నౌకరీ, చెబితే నన్ను ఏ కన్నుతో చూస్తావో అని భయపడి ఇన్నాళ్లూ దాచాను.

కానీ దొంగతనమంటే మాత్రం ఒప్పుకోను. మట్టి దేవుడిది, చెమట నాది, కొనేవాళ్లు ఇష్టపడి కొంటున్నారు. మడి దగ్గర ఉప్పు కారుచవకని, దాని మీద పన్ను అసలుకు ఎన్నో రెట్లని నువ్వే రాశావు. ఆ పన్ను తీసేయమను. అనంతయ్య శెట్టి అంగడిలో సముద్రపు ఉప్పు చవగ్గా దొరికితే నా మట్టిరంగు ఉప్పు ఎవరు కొంటారు? నేనే కుండ బోర్లిస్తాను. కాపలావాళ్ల జీతాలూ మిగులుతాయి. అయ్యో, అందులో నీదీ ఉంది కదా! అది తలచుకునే ఈ ఉత్తరం నాలుగు రోజులు ఆపాను.

ఇక నువ్వు చివర అడిగిన సంగతి. నిన్ను మన వైపే బదిలీ చేస్తున్నారని, చౌడు ఉప్పు వండేవాళ్ల పేర్లు ముందే రాసిస్తే జమేదారు పని ఇస్తారని రాశావు. ఊళ్లో ఇంకెవరెవరు వండుతారో నాకు తెలుసు. చచ్చినా రాయను. రాయగలిగిన పేరు ఒక్కటే, ఈ ఉత్తరం కింద ఉంది. రా నాయనా. కుండ పగలగొట్టాలంటే నీ చేత్తోనే పగలగొట్టు. ముందు కడుపునిండా సంగటి తిను.

ఇట్లు,
నీ కన్నతల్లి
కృపమణి